మాగ్నెటిక్ నెయిల్ పాలిష్: గీత వచ్చినట్టే వచ్చి ఎందుకు చెదిరిపోతుంది?

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్తాను, తప్పుగా అర్థం చేసుకుంటే దిద్దండి. మీరుండేది గుంటూరు. ఆన్‌లైన్‌లో క్యాట్ ఐ, అంటే పిల్లికన్ను, మాగ్నెటిక్ పాలిష్ తెప్పించుకున్నారు, ముదురాకుపచ్చ రంగు. దాంతోపాటే చిన్న మాగ్నెట్ ఒకటి వచ్చింది. వీడియోలో చూపించినట్టే గోరు మీద పట్టుకుంటే మెరుపు గీత చక్కగా వచ్చింది. కానీ చిటికెన వేలు దాకా వచ్చేసరికి బొటనవేలి మీద గీత అలుక్కుపోయింది. మూడుసార్లు తుడిచి మళ్ళీ వేశారు, మూడుసార్లూ ఇదే వరస. అక్క పెళ్లి ఇంకా పదిహేను రోజులే ఉంది. పాలిష్ నకిలీదా, మాగ్నెట్‌లో బలం లేదా, జెల్ పాలిష్‌ని వెలుగుతో బిగించే జెల్ ల్యాంప్ కొనాల్సిందేనా అని మీ ప్రశ్న.

మూడూ కాదండీ. మీరు మాగ్నెట్ ఒక్కసారే పెడుతున్నారు. ఒక్కో గోటికి కనీసం మూడుసార్లు పెట్టాలి: రంగు వేసిన వెంటనే ఒకసారి, అది చిక్కబడుతున్నప్పుడు ఒకసారి, చివర్లో పైన వేసే టాప్ కోట్ అయ్యాక మరోసారి. మొదటిసారి వచ్చే గీత మన కళ్ళకి పండగే గానీ, దాన్ని నిలబెట్టేవి మాత్రం తర్వాతి రెండూ. వీడియోల్లో ఆ మొదటిది మాత్రమే చూపించి, అక్కడే కట్ చేసి, ఆరిపోయిన గోళ్ళు చూపిస్తారు. మధ్యలో వాళ్ళు ఎన్నిసార్లు పెట్టారో మనకి కనపడదు.

నేను విజయవాడ సత్యనారాయణపురంలో ఇంటి ముందుగదిలో పద్నాలుగేళ్ళుగా గోళ్ళ పని చేస్తున్నాను. మొదలుపెట్టిన కొత్తల్లోనే, 2011, 2012 ప్రాంతంలో, ఈ మాగ్నెటిక్ రంగులు ఒకసారి ఊపేశాయి. అప్పట్లో మాగ్నెట్ సీసా మూతలోనే ఉండేది. మూత పైన బిళ్ళ తీసి గోరు మీద పట్టుకుంటే అలలో, ఏటవాలు చారలో పడేవి. రెండేళ్ళకే ఆ మోజు చల్లారింది. తర్వాత జెల్ పాలిష్‌లతో పాటు క్యాట్ ఐ అనే పేరుతో మళ్ళీ వచ్చింది. అప్పటి మూత మాగ్నెట్లకీ ఇప్పుడు నియోడిమియం అనే లోహం కలిపి చేసే మాగ్నెట్లకీ బలంలో చాలా తేడా ఉంది. మీ సీసాతో వచ్చింది సన్నగా, పొడుగ్గా, ఫ్రిజ్ తలుపుకి పెడితే టక్కున అతుక్కుని లాగితే గానీ రాకుండా ఉంటే చాలు, పని జరుగుతుంది. కొత్తది కొనక్కర్లేదు.

అసలు గీత ఎందుకు చెదురుతుందో అర్థమైతే మిగతాదంతా మీకే తెలిసిపోతుంది, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను.

ఆరో తరగతిలోనో ఏడో తరగతిలోనో సైన్స్ టీచరు తెల్లకాగితం మీద ఇనుప రజను చల్లి, కింద దండాయస్కాంతం పెట్టి, కాగితాన్ని మెల్లగా తట్టడం గుర్తుందా? రజను అంతా వంపులు వంపులుగా బలరేఖల వెంబడి సర్దుకుంటుంది. మీ సీసాలో ఉన్నదీ ఆ జాతి సరుకే. ఇనుము కలిసిన అతి సన్నని రేకులు రంగులో తేలుతూ ఉంటాయి. మాగ్నెట్ దగ్గరికి తెస్తే ప్రతి రేకూ బలరేఖ ఎటుంటే అటు తిరుగుతుంది. బల్ల మీద రూపాయి బిళ్ళలు పరిచి పైనుంచి చూడండి, మెరుస్తాయి. వాటినే అంచు మీద నిలబెడితే పైనుంచి సన్నటి గీత తప్ప ఏమీ కనపడదు. ఇక్కడా అంతే. బలరేఖలు గోటికి సమాంతరంగా పోయేచోట రేకులు పడుకుంటాయి, అది మెరుపు గీత. బలరేఖలు నిలువుగా పోయేచోట రేకులు నిలబడతాయి, అది నలుపు. రంగు ఎక్కడికీ పోలేదు, రేకుల వాలు మారిందంతే.

దీనికి పిల్లికన్ను అనే పేరు రాయి నుంచి వచ్చింది. నవరత్నాల్లో కేతువుకి చెప్పే వైడూర్యం ఉంది కదా, అదే. ఆ రాయి లోపల సన్నటి సూదుల్లాంటివి ఒకే దిక్కుకి బారులు తీరి ఉంటాయి. గుండ్రంగా ఉబ్బెత్తుగా సానపడితే వాటికి అడ్డంగా ఒక వెలుగు గీత నిలుస్తుంది, ఉంగరం తిప్పితే గీతా జరుగుతుంది. తేడా ఏంటంటే రాయిలో ఆ సూదులు బిగుసుకుపోయి ఉంటాయి. మన గోటి మీద రేకులు రంగు ఆరేదాకా ఈదుతూనే ఉంటాయి. మాగ్నెట్ తీసిన మరుక్షణం నుంచీ అవి మెల్లమెల్లగా వరస తప్పుతాయి. రంగు సర్దుకుంటూ కదిలే కొద్దీ వాటినీ కదిలిస్తుంది. జెల్ అయితే ల్యాంప్ కింద పెట్టి అక్కడికక్కడ బిగించేస్తాం. మామూలు పాలిష్‌కి ఆ సౌకర్యం లేదు. అందులోని ద్రావకం ఆవిరైపోవాలి, దానికి టైము పడుతుంది. అందుకే అది ఆరే దారిలో మనం మధ్యమధ్యలో వెళ్ళి రేకుల్ని మళ్ళీ వరసలో నిలబెట్టాలి. బడిపిల్లల్ని ప్రేయర్ లైన్లో నిలబెట్టే పీఈటీ సారు ఒక్కసారి ఈల వేసి వెళ్ళిపోతే ఏమవుతుందో మీకు తెలియంది కాదు.

ఇప్పుడు నేను చేసే పద్ధతి చెప్తాను.

గోళ్ళు ముందు రిమూవర్‌తో ఒకసారి తుడవండి, పాత రంగు లేకపోయినా సరే. మన ఇళ్ళల్లో తలకి కొబ్బరినూనె, వంటింట్లో నూనె, ఎంత కడిగినా గోటి మీద జిడ్డు పొర ఉంటుంది. రంగు పెచ్చులూడటానికి నాకు కనిపించిన కారణాల్లో మొదటిది అదే. తర్వాత అడుగున వేసే బేస్ కోట్. దాని మీద నల్ల రంగు ఒక కోటు, పల్చగా. ఇది చాలామంది వదిలేస్తారు. మాగ్నెటిక్ రంగులు చాలావరకు జెల్లీలా పారదర్శకంగా ఉంటాయి. రేకులు నిలబడ్డచోట వాటి సందుల్లోంచి కింద ఉన్నది కనపడుతుంది. కింద తెల్లగోరు ఉంటే నలుపు భాగం బురదగా ఉంటుంది, నల్లరంగు ఉంటే గీత కత్తితో గీసినట్టు తేలుతుంది. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకుని ఎర్రగా పండిన గోళ్ళున్నవాళ్ళకి ఇది ఇంకా అవసరం. ఆ ఎరుపు కిందనుంచి తొంగిచూస్తే ఆకుపచ్చ కాస్తా ఇటుకరంగులోకి పోతుంది. గోరింటాకు గోటికి పట్టిందంటే పెరిగి కత్తిరించేదాకా పోదు కాబట్టి నలుపే దిక్కు.

నలుపు బాగా ఆరాక మాగ్నెటిక్ రంగు మొదటి కోటు పల్చగా వేసి, మాగ్నెట్ పెట్టకుండా ఆరనివ్వండి. ఇది కేవలం పునాది. రెండో కోటులో ఉంది అసలు సంగతి. అది కొంచెం దిట్టంగా వేయాలి. మరీ పల్చగా వేస్తే రేకులు తిరగడానికి చోటుండదు, మరీ మందంగా వేస్తే పక్కలకి కారడమే కాక గంటైనా ఆరదు. రెండో కోటు ఒక్క వేలికే వేయండి, వెంటనే మాగ్నెట్ పెట్టండి, పదిహేను సెకన్లు కదలకుండా పట్టుకోండి. అప్పుడు రెండో వేలు. రెండో వేలు పూర్తవగానే మళ్ళీ మొదటి వేలికి వచ్చి పది సెకన్లు. మూడో వేలు, తర్వాత మళ్ళీ రెండూ ఒకటీ. ఇలా ఒకడుగు ముందుకి, మళ్ళీ వెనక్కి. చెప్పుకుంటే గందరగోళంగా ఉంటుంది గానీ చేతికి అలవాటైతే లయ కుదురుతుంది. అయిదు వేళ్ళు అయ్యాక రెండు మూడు నిమిషాలాగి అన్నిటికీ ఇంకోసారి. అప్పటికి రంగు సగం బిగిసి ఉంటుంది, రేకులు బద్ధకంగా తిరుగుతాయి, తిరిగినవి అలాగే ఉండిపోతాయి. మీకు కావలసింది ఆ బద్ధకమే.

మాగ్నెట్ దూరం గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. నా కొలత రెండు అగ్గిపుల్లల మందం, అంటే దాదాపు నాలుగు మిల్లీమీటర్లు. ఇంకా దగ్గరికి పోతే గీత సన్నగా, పదునుగా వస్తుంది, కానీ చెయ్యి వణికితే మాగ్నెట్ తడి రంగుకి తగులుతుంది. దూరం పోతే గీత వెడల్పై పొగలా ఉంటుంది. నేను మొదట్లో ఎన్ని గోళ్ళు ఇలా పాడుచేశానో లెక్కలేదు. తర్వాత ఒక ఉపాయం దొరికింది. మాగ్నెట్ అడుగున రెండు చివర్లా అగ్గిపుల్ల ముక్కలు రెండేసి టేపుతో అంటించాను. అవి కాళ్ళలాగా వేలికి అటూ ఇటూ చర్మం మీద ఆనుతాయి, మధ్యలో గోటికి తగలదు. కుడిచేతి వాటం వాళ్ళు కుడిచేతి గోళ్ళకి పెట్టుకునేటప్పుడు ఎడమచెయ్యి మాట వినదు కదా, అక్కడ ఇది ప్రాణం కాపాడుతుంది. అలా కుదరకపోతే చపాతీ పిండి ముద్దలో మాగ్నెట్ గుచ్చి టేబుల్ అంచున నిలబెట్టి, వేలినే దాని కిందకి తీసుకెళ్ళండి. నవ్వకండి, నిజంగా పనిచేస్తుంది.

టాప్ కోట్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. గీత బ్రహ్మాండంగా నిలిచిందని సంబరపడి పైన టాప్ కోట్ వేస్తారు, రెండు నిమిషాల్లో మళ్ళీ మసక. టాప్ కోట్‌లోనూ ద్రావకమే ఉంటుంది, అది కింద రంగుని మళ్ళీ కొంచెం మెత్తబరుస్తుంది. రేకులకి మళ్ళీ స్వేచ్ఛ వస్తుంది. కాబట్టి కనీసం పావుగంట ఆగి, కుంచెతో గోటిని రుద్దకుండా, బొట్టు తేలినట్టు పైపైన లాగి, వేసిన వెంటనే మాగ్నెట్ మళ్ళీ పట్టుకోండి. మొదటిసారి పెట్టిన చోటే, అదే వాలులో. వాలు మారితే రెండు గీతలు కలిసిపోయి ఏదీ కాకుండా పోతుంది.

మన వాతావరణం గురించి ఒక మాట. ఇక్కడి వీడియోలు చూసి నేర్చుకున్నా ఒకటే, చలిదేశపు వీడియోలు చూసి నేర్చుకున్నా ఒకటే, వాళ్ళు ఏసీ గదిలో చేస్తారు. మే నెలలో విజయవాడలో నలభై దాటిన మధ్యాహ్నం వేస్తే రంగు పైన తోలు కట్టేస్తుంది, లోపల తడిగానే ఉంటుంది. ఆ తోలు కింద రేకులు మాగ్నెట్ మాట సగమే వింటాయి. ఫ్యాన్ కింద కూర్చుంటే ఇంకా ఘోరం, బుడగలు కూడా వస్తాయి. పొద్దున్నే గానీ రాత్రి తొమ్మిది తర్వాత గానీ కూర్చోండి, ఫ్యాన్ ఆపి. వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువైన రోజు కొన్ని రంగులు ఆరాక తెల్లగా పాలిపోతాయి. మాగ్నెట్ ఆ దోషాన్ని సరిచేయలేదు, ఆ రోజు మానుకోవడమే. ఎండాకాలంలో సీసా మూత తీసి పెట్టుకుని పది గోళ్ళూ వేస్తే చివరి గోటికి పాలిష్ పాకం అయిపోతుంది. ప్రతి గోటికీ మధ్య మూత బిగించండి. చిక్కబడిపోతే పాలిష్ పలచబరచడానికి అమ్మే థిన్నర్ రెండు మూడు చుక్కలు వేయండి. రిమూవర్ మాత్రం పోయకండి, రంగు విరిగిపోతుంది.

వేసేముందు సీసాని రెండు అరచేతుల మధ్య నిమిషం సేపు దొర్లించాలి. ఇనుము బరువు కాబట్టి రేకులు అడుగుకి చేరతాయి, కలపకుండా వేస్తే పైన ఉన్న ఉత్త రంగే గోటికి వస్తుంది. ఇంకో సంగతి, సీసానీ మాగ్నెట్‌నీ ఒకే డబ్బాలో పెట్టకండి. ఒకసారి నేను ఊరెళ్తూ రెండూ ఒకే పౌచ్‌లో పడేశాను. తిరిగొచ్చి చూస్తే రేకులన్నీ సీసాలో ఒక పక్కకి చేరి ముద్ద కట్టి ఉన్నాయి. ఎంత దొర్లించినా పూర్తిగా విడలేదు, కుంచెకి ఇసక తగిలినట్టు తగిలేది. మూడొందలు గోదాట్లో... కాదులెండి, మాకు కృష్ణే కదా, కృష్ణలో కలిసిపోయాయి.

మీ పాలిష్ నకిలీదా అన్నారు. తేల్చుకోవడం తేలిక. మాగ్నెట్‌ని సీసా గాజుకి ఆనించి అర నిమిషం ఉంచండి. లోపల మెరుపు కదిలి అటువైపు పోగైతే అది మాగ్నెటిక్కే. మీకు గీత వచ్చింది కాబట్టి మీది అసలుదే. కానీ విజయవాడ బీసెంట్ రోడ్డులో బండ్ల మీద క్యాట్ ఐ అని రాసి అమ్మేవాటిలో ఒట్టి మెరుపు రంగులు ఉండటం నేను చూశాను, మాగ్నెట్ పెడితే చలనం ఉండదు. నా పర్సులో ఎప్పుడూ చిన్న మాగ్నెట్ ఉంటుంది, కొనేముందు సీసాకి తాకిస్తాను. కొట్టువాళ్ళు నన్ను అదోలా చూస్తారు, అలవాటైపోయింది.

ఇక డిజైన్ల సంగతి. ఇక్కడ ఆశ తగ్గించుకోవాలి ముందు. మాగ్నెట్‌తో ముగ్గు వేయలేం. పువ్వులు, లతలు, అక్షరాలు రావు. వెలుగు చీకట్లని అటూ ఇటూ జరపడమే దాని పని. అందులోనే చాలా ఉంది.

ఏటవాలు గీత అన్నిటికంటే తేలిక, అన్నిటికంటే అందమని నా అభిప్రాయం. పొడుగు మాగ్నెట్‌ని ఏ వాలులో పట్టుకుంటే గీత ఆ వాలులో పడుతుంది. పెళ్లికూతుళ్ళకి నేను రెండు చేతులకీ అద్దంలో ప్రతిబింబంలా వేస్తాను. ఎడమచేతి గీతలు కుడికి వాలితే, కుడిచేతివి ఎడమకి. దోసిలి పట్టినప్పుడు, నమస్కారం పెట్టినప్పుడు గీతలన్నీ మధ్యలోకి వాలి కలుస్తాయి. పెళ్లిలో దోసిళ్ళు పట్టే ఫోటోలెన్ని ఉంటాయో చూడండి, తలంబ్రాలతో సహా. అందరూ ఒకే వాలులో వేసుకుంటారు, ఒక చెయ్యి బాగుంటుంది, రెండోది తేలిపోతుంది.

వెల్వెట్ అని ఈమధ్య అందరూ అడుగుతున్నది వేరు. గీత ఉండదు, గోరంతా మఖమల్ గుడ్డలా లోపలినుంచి మెరుస్తుంది. ఒక్క మాగ్నెట్‌తో అయితే గోటి పైన కాకుండా పక్కల నుంచి, ఎడమ, కుడి, కొస, మొదలు, ఒక్కో వైపూ ఐదారు సెకన్లు తిప్పుతూ పట్టుకోవాలి. రెండు మాగ్నెట్లు ఉంటే ఇంకా బాగా వస్తుంది. వేలికి అటొకటి ఇటొకటి, ఒకదాన్నొకటి లాక్కునే వైపులు ఎదురెదురుగా ఉండేలా పట్టుకుంటే బలరేఖలు గోరంతా అడ్డంగా సాఫీగా పోతాయి. రేకులన్నీ పడుకుంటాయి, గోరంతా మెరుపే. వేళ్ళు జాగ్రత్త, రెండు బలమైన మాగ్నెట్లు మధ్యలో చర్మం ఉందని చూడవు, చిటుక్కున కొరుకుతాయి.

గుండ్రటి చిన్న మాగ్నెట్‌ని గోటి మధ్యలో పెడితే చంద్రబింబంలా వలయం ఒకటి పడుతుంది. గోరు కొసన పక్కనుంచి పెడితే కొస ఒక్కటే వెలిగి ఫ్రెంచ్ మానిక్యూర్ లాగా ఉంటుంది. ఇది చిన్న గోళ్ళకి బాగా నప్పుతుంది, గోరు పొడుగ్గా కనిపిస్తుంది. సన్నటి పూల నమూనా కావాలంటే మాగ్నెటిక్ రంగు పూర్తిగా ఆరాక, మర్నాడు, పైన స్టాంపింగ్ పలకతో, అంటే నమూనా చెక్కిన పలకతో, బంగారు రంగు అద్దుకోండి. రెండూ ఒకే రాత్రి పెట్టుకోకండి, నిద్ర చాలక చెడగొట్టుకుంటారు.

ఏ వెలుతురులో చూస్తారో ఆ వెలుతురులో పరీక్షించుకోండి. ఇది నాకు ఒక తెనాలి పెళ్లికూతురు నేర్పిన పాఠం. మా గదిలో ట్యూబ్‌లైట్ కింద గీత చప్పగా ఉందని ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేనూ దిగాలుపడి మళ్ళీ చేశాను, మళ్ళీ చప్పగానే ఉంది. బయట వరండాలో ఎండలోకి రాగానే నిప్పురవ్వలా వెలిగింది. ట్యూబ్‌లైట్ వెలుగు అన్ని పక్కలనుంచీ పరుచుకుని వస్తుంది కాబట్టి మెరుపుకీ నలుపుకీ తేడా చదునైపోతుంది. ఎండ, ఒంటి బల్బు, పెళ్లి వీడియోవాళ్ళ ఫోకస్ లైటు ఒక్కచోటునుంచి వస్తాయి, అప్పుడే పిల్లికన్ను తెరుచుకుంటుంది. అమ్మకం ఫోటోలన్నీ ఒంటి దీపం కిందే తీస్తారు. వంటింటి వెలుతురులో మీ గోళ్ళు ఆ ఫోటోల్లోవాటిలా లేవని బెంగపడకండి, ఫోన్ టార్చి వేసి చూడండి.

రంగు విషయంలో మన చేతిరంగులకి ముదురాకుపచ్చ, వైన్, రాగి, నెమలికంఠం నీలం బాగుంటాయి. వెండి బూడిదరంగు నాకైతే చేతుల్ని రోగిష్ఠిగా చూపిస్తుంది, అది నా కంటి దోషం కూడా కావచ్చు. మీ ఆకుపచ్చ మంచి ఎంపిక, ఇంకో లాభం కూడా ఉంది. పప్పన్నం చేత్తో కలుపుకుని తినే మనకి లేతరంగు గోళ్ళు వారంలో పసుపెక్కుతాయి. పెళ్లిలో అయితే పసుపు, తలంబ్రాలు, జీలకర్ర బెల్లం, వేరే చెప్పాలా. ముదురు రంగుల మీద పసుపు కనపడదు. అక్కకి కూడా మీరే వేస్తున్నట్టయితే పసుపు కొట్టడం, నలుగు పెట్టడం అయ్యాకే గోళ్ళు వేయండి. మెహందీ ముందే పెట్టించుకోమనండి. మెహందీ పండిన వేళ్ళ చుట్టూ రిమూవర్‌తో తుడవాల్సిన పని రాకుండా గోటి చుట్టూ చర్మానికి ఫెవికాల్ పల్చగా రాసి ఆరనివ్వండి, పని అయ్యాక పొరలా ఊడొస్తుంది, అంటిన రంగూ దాంతోనే పోతుంది.

జెల్ ల్యాంప్ కొనాలా అన్నదానికి నా సమాధానం ఇప్పుడు వద్దు. నేను పనిలో జెల్ వాడతాను, క్యాట్ ఐ జెల్‌లో గీత బాగా నిలుస్తుంది, అబద్ధం చెప్పను. ఒక వేలికి మాగ్నెట్ పెట్టి, తీసిన వెంటనే ల్యాంప్ కింద ఐదారు సెకన్లు బిగించి, రెండో వేలికి వెళ్తాం, చివర్లో అన్నీ కలిపి పూర్తి టైము. రెండు వారాలు పైనే ఉంటుంది. కానీ పచ్చి జెల్ చర్మానికి పదేపదే తగిలితే ఎలర్జీ వస్తుంది. అందులో ఉండే అక్రిలేట్లు అనే రసాయనాల వల్ల. 2018లో బ్రిటన్ చర్మవైద్యుల సంఘం ఇంట్లో వాడే జెల్ కిట్‌ల గురించి ప్రత్యేకంగా హెచ్చరించింది. ఆ ఎలర్జీ ఒకసారి పట్టుకుంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది, తర్వాత పన్ను సిమెంటు లాంటి వైద్యపు పనుల్లో అదే జాతి పదార్థం వాడినా ఇబ్బంది రావచ్చు. ల్యాంప్ కింద జెల్ బిగియడానికి వాడే టీపీవో అనే రసాయనాన్ని ఐరోపా యూనియన్ 2025 సెప్టెంబరు 1 నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించింది. కొనేటప్పుడు అది లేదని రాసి ఉన్నది చూసుకోవాలి. సగం బిగిసిన జెల్ చర్మానికి అంటుకుని ఉండటమే అన్నిటికంటే ప్రమాదం, కొత్తవాళ్ళ చేతుల్లో ఎక్కువగా జరిగేది అదే. పదిహేను రోజుల్లో పెళ్లి పెట్టుకుని దాంతో ప్రయోగాలు వద్దు. నా దగ్గరికి వచ్చే ఒకావిడ ఇంట్లో కిట్ కొని నాలుగు నెలలు వాడారు. వేళ్ళ కొసలు ఎర్రబడి పగిలిపోయాయి. ఇప్పుడు ఆవిడకి మామూలు పాలిష్ తప్ప ఏదీ వేయను, ఆవిడ అడిగినా వేయను.

జాగ్రత్తలు కొన్ని గబగబా చెప్పేస్తాను. ఇంట్లో పెద్దవాళ్ళకి పేస్‌మేకర్ ఉంటే ఈ మాగ్నెట్లు వాళ్ళ ఛాతీ దగ్గరికి తీసుకెళ్ళకండి, వాళ్ళ చొక్కాజేబులో అస్సలు పెట్టకండి. చిన్నపిల్లలకి అందనివ్వకండి. రెండు మాగ్నెట్లు మింగితే కడుపులో పేగుల గోడలకి అటూ ఇటూ నుంచి అతుక్కుని చిల్లు పెట్టగలవు, మింగారని అనుమానం వచ్చినా తక్షణం ఆసుపత్రికే. ఎంఆర్ఐ తీయించుకోవాల్సి వస్తే ముందే ఈ పాలిష్ తీసేయండి, ఇనుము ఉంది కదా. ఆపరేషన్‌కి వెళ్తున్నా తీసేయాలి, వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు ముదురు రంగు గోటి మీద తప్పుగా చూపించవచ్చు.

చివరగా తీసేయడం. మామూలు పాలిష్ తీసినట్టు దూదితో రుద్దారంటే ఆ ఇనుప మసి అంతా క్యూటికల్‌లోకి, అంటే గోటి మొదట్లో ఉండే సన్నటి చర్మంలోకి పోయి, వేళ్ళ చివర్లు బండి రిపేరు చేసినట్టు తయారవుతాయి. ముందు గోటి చుట్టూ కొబ్బరినూనె రాయండి. దూది ముక్క రిమూవర్‌లో ముంచి గోటి మీద పెట్టి, వంటింటి ఫాయిల్ చుట్టి మూడు నిమిషాలు వదిలేయండి. తర్వాత గట్టిగా అదిమి కొస వైపుకి ఒకే లాగు. వెనక్కీ ముందుకీ రుద్దకండి. మిగిలినదానికి ఇంకో దూది.

బేస్ కోట్ సరిగ్గా పట్టకపోతే కొన్నిసార్లు రంగు మొత్తం పెచ్చులా ఊడొచ్చేస్తుంది. అలా ఊడిన పెచ్చుని పారేయకండి, బల్ల మీద పెట్టి మాగ్నెట్ దగ్గరికి తీసుకురండి. అది ఎగిరి వెళ్ళి అతుక్కుంటుంది. మా అమ్మాయి ఏడో తరగతిలో ఉన్నప్పుడు సైన్స్ రికార్డులో అదే అంటించి పట్టుకెళ్ళింది.